16వ నంబరు ఇల్లు

సాలెగూడు కంటబడినంతనే బూజుకఱ్ఱ చేతబట్టుట మా యింట అత్తగారి కాలమునుండి వచ్చుచున్న యాచారము. పండుగలకు ముందు ఆ పని నాదే. గోడమూలలను, దూలముల సందులను దులిపి, గూళ్లనెల్ల కఱ్ఱకు చుట్టి పెరటిలో పాఱవేసి, చేతులు కడుగుకొని వచ్చునప్పుడు ఏదో ఘనకార్యము చేసినట్లు తృప్తిగా నుండెడిది. ఆ గూటిలో నుండిన సాలీడు పిమ్మట నెక్కడికి పోయినదని నేనెన్నడును తలచి యెఱుగను. అట్టి నేను ఒక సాలీడు కాపురముండిన చోటు చూచుటకై పరదేశమున 180 కిలోమీటర్లు కారులో పోయితినని చెప్పగా మా యింటివారే నవ్విరి. సోదరీమణులును నవ్వవచ్చును. నవ్విన పిమ్మటనైన ఆ సాలీటి కథ వినవలెనని కోరుచున్నాను.

నా చెల్లెలు భర్తతోను బిడ్డతోను పశ్చిమ ఆస్ట్రేలియాకు రాజధానియగు పెర్తు నగరమున కాపురమున్నది. గత వైశాఖమున నేనచ్చటికి పోయియుంటిని. మనకు ఎండలు ముదురు ఆ దినములలో, భూగోళమున దిగువసగమందున్న ఆ దేశమున వేసవి గడచి తొలివానలు పడుచుండును. ఒకనాటి రాత్రి వంటయింటి కిటికీ మీద సాలెగూడు కనబడగా అలవాటు చొప్పున చీపురు వెదకుచుంటిని. చెల్లెలి కూతురు, పదేండ్ల పిల్ల, నన్ను చూచి, "పెద్దమ్మా, దాని జోలికి పోవద్దు. ఈ దేశములో ఒక సాలీడు 43 ఏండ్లు బ్రదికినది, నీకు తెలుసా?" అనెను.

నేను నమ్మలేదు. నాకు పెండ్లియై యిప్పటికి 31 ఏండ్లు. ఆవునకు గాని గుఱ్ఱమునకు గాని లేని యాయువు సాలెపురుగునకు ఎక్కడిదని వాదించితిని. పిల్ల తన పుస్తకము తెచ్చి చూపెను. నా చెల్లెలు నవ్వి, "అక్కయ్యా, ఆ చోటు ఇక్కడికి దూరము కాదు. ఆదివారము పోయి చూచి వత్తము" అనెను.

పెర్తునుండి తూర్పుగా పోవు రాజమార్గము మొదట చిన్న కొండలెక్కును. ఆ కొండలలో ముండారింగు అను చోట ఒక ఆనకట్ట కలదు. అచ్చటి నీటిని 530 కిలోమీటర్లకు పైగా దూరముననున్న కాల్గూర్లీ బంగారుగనులకు ఇనుపగొట్టము గుండ తోడుకొనిపోవు ఏర్పాటు 1903వ సంవత్సరమున పూర్తియైనది. ఆ గొట్టము నేటికిని బాటప్రక్కనే మనతోపాటు వచ్చుచుండును. దానిని యోచించిన ఇంజనీరు ఓకానరుగారు నీరు పాఱుట చూడకయే 1902లో మరణించెనట. నార్తాము దాటిన పిమ్మట మెకరింగు అను చిన్నయూరు వచ్చును. 1968వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీని వచ్చిన భూకంపమున ఆ యూరు చాలవఱకు నేలమట్టమైనదని మఱిదిగారు చెప్పిరి. ఇట్టి సంగతులు వినుచు కండర్డిన్ మీదుగా టామిన్ చేరితిమి.

దారిపొడుగునను నన్నాశ్చర్యపఱచినది గోధుమపొలము. మన కోనసీమలో పొలమనగా గట్టు, గట్టుమీద కొబ్బరిచెట్టు, చెట్టుక్రింద మనిషి. ఇచ్చట గట్టు లేదు, మనిషి లేడు. కోసిన గోధుమ కొయ్యకాళ్లు ఆకాశపుటంచు వఱకు పరచుకొనియున్నవి. అక్కడక్కడ నీలగిరిచెట్టొకటి, రెండు. ఈ సీమకు గోధుమపట్టీ యనియే పేరు. తెల్లవారు రాకమునుపు ఇది నూంగారు జనులలో బల్లార్డాంగు శాఖవారి భూమి. అంతయు పొదలతోను చెట్లతోను నిండినది. ఇరువదవ శతాబ్దమున దీనిని కొట్టి తగులబెట్టి సేద్యమునకు తెచ్చిరి. 1960వ దశకమున ఆ రాష్ట్రమువారు ఏటికి పదిలక్షల ఎకరములు సేద్యమునకు తెత్తుమని చాటుకొనిరట. నూటికి ఎనుబదిపాళ్లకు మించి అడవి పోయినది. అడవి పోయిన పిదప మఱొక యుపద్రవము వచ్చినది. లోతువేళ్ల చెట్లు త్రాగుచుండిన నీరు త్రాగువారు లేక నేలలో పైకుబికి, అడుగున తరతరములుగా దాగియున్న ఉప్పును వెంటదెచ్చినది. పల్లపుచోట్ల తెల్లని పొఱగట్టి, ఎండిన మ్రానులు నిలిచియున్న నేలలను మేము కారులోనుండియే చూచితిమి. చాకిరేవున ఆరవేసిన దుప్పటివలె నున్నవని నా చెల్లెలనెను. నాకట్లు తోచలేదు. శవముమీద కప్పిన గుడ్డవలె తోచినది.

ఈ పొలముల నడుమ, సముద్రమున లంకలవలె, చిన్నచిన్న అడవితునకలు మిగిలియున్నవి. టామినునకు చేరువనున్న ఉత్తర బుంగుల్ల రక్షితవనము అట్టిదొకటి. అడవి యనగానే నేను నల్లమలను ఊహించుకొంటిని. ఇది యట్టిది కాదు. పసుపువన్నె యిసుకనేల, నడుమ గులకరాళ్లు. ఆ నేలమీద మనిషి యెత్తునకు మించని తుమ్మజాతి పొదలు, మన సరుగుడునకు చుట్టములైన చెట్లు, మొదటినుండియే నాలుగైదు కాండములు చీలిన పొట్టి నీలగిరులు. రాలిన ఆకులును పుల్లలును మెత్తగా పఱచుకొనియుండును. వేసవిని ఇచ్చట ఎండ నలుబది డిగ్రీలు దాటును. వానలో హెచ్చుభాగము చలికాలముననే. చూచుటకు దరిద్రముగా నున్న ఈ నేలలో నున్నన్ని పూలమొక్కల జాతులు లోకమున బహుకొద్ది ప్రదేశములలో మాత్రమే కలవని మఱిదిగారు చెప్పగా, నేను మర్యాదకు తలయూపితినే గాని అప్పటికి నమ్మలేదు.

మేము బాట విడిచి లోనికి పోలేదు. ఎందుకు పోరాదో పిల్లయే మాకు బోధించినది: "పెద్దమ్మా, మనకాలి క్రింద ఎవరి యిల్లున్నదో!" బాట యంచున నేలకు కన్నులంటించి నడచుచు, అరగంట గడచిన పిమ్మట, అదియే కనుగొనెను. నేను చూచితిని గాని మొదట నాకేమియు కనబడలేదు. రాలిన పుల్లలు మాత్రమే. మఱికొంత వంగి చూడగా ఆ పుల్లలు ఊరక రాలినవి కావు. ఒక నడిమి చోటినుండి నలుదెసలకు సూర్యకిరణములవలె అమర్చియున్నవి. ఆ నడుమ రూపాయిబిళ్లకంటె కొంచెము పెద్దదియగు గుండ్రని మూత. మట్టిరంగే దాని రంగు. గుమ్మము ముందు ముగ్గు పెట్టినట్లున్నదే యని నేననగా నా చెల్లెలికి నవ్వు వచ్చినది.

కాని యీ ముగ్గు అలంకారమునకు కాదు. ఈ సాలీడు వల పన్నునది కాదు. నేలలో నిలువుగా లోతైన బొరియ త్రవ్వి, గోడలకు పట్టుదారముతో మెత్తని యస్తరు వేసి, పైన పట్టును మట్టియు కలిపిన మూత చేసి, ఒకప్రక్కన పట్టుతోనే కీలు అమర్చుకొనును. మూత యెత్తిన తెఱచుకొనును, విడిచిన దానియంతట పడును. గడపచుట్టు పుల్లలను పట్టుతో అతికించును. రాత్రివేళ మూతక్రింద గుమ్మమునొద్ద కాళ్లు పుల్లల మొదళ్లమీద ఉంచి కూర్చుండును. చీమయో చెదయో పెంకుపురుగో అల్లంత దూరమున పుల్ల తొక్కిన, ఆ యదురు తంతివార్తవలె ఇంటిదానికి చేరును. మూత తెఱచుట, పట్టుట, మరల మూసికొనుట రెప్పపాటున జరుగును. జెఱ్ఱివంటి శత్రువు లోపలికి చొఱబడినయెడల పట్టుటస్తరును క్రిందికి లాగి తన పైకి ముడుచుకొని, ఇంట నెవరును లేనట్లు భ్రమింపజేయును. పగటియెండ నేలను పెనమువలె కాల్చినను బొరియ యడుగున చల్లగను, తడిగను ఉండును. ఆ యిల్లున్నంతవఱకే ప్రాణము. బయట ఎండలో విడిచినచో ఇట్టి సాలీడు ఎక్కువకాలము నిలువజాలదు.

దీనికి శాస్త్రజ్ఞులు గాయస్ విల్లోసస్ అని 1914లో పేరు పెట్టిరి. తలుపు సాలీళ్ల కుటుంబములో ఇదియొకటి. ఆ కుటుంబమువారు మన దేశమునను లేకపోలేదు. గట్లవాలులందును, అడవిబాటల ప్రక్కల మట్టిదరులందును ఇట్టి మూతయిండ్లు కట్టుకొనువి కలవు. మన పురాణమున శ్రీకాళహస్తిలో శివునికి గుడి యల్లిన సాలీటిని మనమెఱుగుదుము. నేలలో ఇల్లు కట్టి తలుపు పెట్టుకొన్న దానిని మనమెవరమును గమనింపలేదు.

గమనించిన యామె పేరు బార్బరా యార్కు మెయిను. ఆమె 1929లో ఈ ప్రాంతమందలి కెల్లర్‌బెరిన్ అను నూర పుట్టి, టామిను దగ్గఱి సేద్యపుభూమిలో పెరిగినది. చెట్లు కూలుచున్న కాలముననే ఆమె చిన్నతనము గడచినది. పెర్తులోని విశ్వవిద్యాలయమున జంతుశాస్త్రము చదివి 1956లో డాక్టరు పట్టము పొందినది. భర్తయు జంతుశాస్త్రజ్ఞుడే. పిల్లలను పెంచుచు, కాపురము చేయుచు, సాలీళ్లను వెదకుచు ఆమె జీవితము గడపినది. అంతకుముందు లోకమెఱుగని సాలెజాతులను ముప్పదికి మించి వర్ణించి పేర్లు పెట్టినది. పుట్టినచోటి పొదలను, రాళ్లను గూర్చి 1967లో ఒక గ్రంథమును వ్రాసినది.

1974వ సంవత్సరమున ఆమె ఉత్తర బుంగుల్ల వనమునకు వచ్చి, తలుపు సాలీళ్ల బొరియలను లెక్కించి, ఒక్కొక్కదాని ప్రక్కను నంబరు వ్రాసిన గుఱుతు నాటుట మొదలుపెట్టెను. ఎన్నియేండ్లు బ్రదుకును? ఎప్పుడు పిల్లలను పెట్టును? ఎన్ని పిల్లలు నిలుచును? ఇవి ఆమె ప్రశ్నలు. పుస్తకములలో జవాబు లేదు. ఒక్కటే యుపాయము: మరల మరల వచ్చి చూచుట. ఆ యేటనే తల్లిబొరియనుండి వెడలిన యొక పిల్లసాలీడు కొంతదూరము నడచి తన బుల్లి బొరియ త్రవ్వుకొన్నది. దానికి వచ్చిన నంబరు 16.

ఈ జాతిపిల్లలు పోవు తీరు వినదగినది. కొన్ని సాలెపిల్లలు పట్టుదారము వదలి గాలిలో తేలి ఊళ్లు దాటును. ఇవి యట్లు చేయవు. తల్లితో కొన్ని నెలలుండి, వానలకు నేల మెత్తబడినప్పుడు గడప దాటి, కాలినడకను కొద్దిదూరము పోయి అచ్చటనే స్థిరపడును. అందుచే అమ్మమ్మ, అమ్మ, కూతుళ్లు, మనుమరాండ్రు ఒక్క పేటలో నుందురన్నమాట. మగపిల్లలు కొన్నియేండ్లు బొరియలో పెరిగి, ఈడు వచ్చిన పిదప ఒక శరత్కాలమున వాన పడిన రాత్రి ఇల్లు విడిచి ఆడవాని గడపలు వెదకుచు తిరుగును. ఆ తిరుగుటయే వాని కడపటి పని. మరల ఇల్లు చేరుట లేదు. ఆడది మాత్రము తాను త్రవ్విన ఇంటిని ఎన్నడును విడువదు. తాను పెరిగినకొలది బొరియను, మూతను వెడల్పు చేసికొనుచుండును. ఒకటి పోయిన యింటిలో మఱొకటి వచ్చి చేరదు. కావున మూత బాగుగనున్న లోపల నున్నది అదియే యని నిశ్చయింపవచ్చును. 16వ నంబరు వయస్సు తెలిసినది ఇందువలననే.

బార్బరాగారు ఏటేట వచ్చుచునే యుండిరి. నూటికి పైబడి బొరియలు ఆమె లెక్కలో చేరినవి, అనేకములు ఖాళీయైనవి. 16వ నంబరు మూత మాత్రము చెక్కుచెదరలేదు. లోకమున రాజ్యములు మాఱినవి. బార్బరాగారి జుట్టు నెఱసినది. నేను ఇక్కడ పుట్టి, చదువుకొని, పెండ్లాడి, బిడ్డలను పెంచి, వారికిని పెండ్లిండ్లు చేయుచున్న ఆ కాలమంతయు ఒకే యొక సాలీడు ఒకే గుమ్మమునొద్ద కూర్చుండి చీమలకొఱకు నిరీక్షించుచుండెనని తలచినప్పుడు నా యొడలు గగుర్పొడిచినది. అంతకుముందు మెక్సికో దేశపు పెద్దసాలీడొకటి 28 ఏండ్లు బ్రదికినదే అన్నిటికంటె దీర్ఘాయువుగా చెప్పుకొనెడివారు.

ముసలితనమున బార్బరాగారు ఈ పనిని పెర్తులోని కర్టిను విశ్వవిద్యాలయమునకు చెందిన లియాండా మేసను అను యువతికి అప్పగించిరి. 2016 అక్టోబరు 31వ తేదీని ఆ యువతి 16వ నంబరునొద్దకు పోయిచూడగా మూతకు నడుమ రంధ్రమున్నది. బొరియ పాడుపడియున్నది. ఆఱునెలల క్రిందట చూచినప్పుడు లోపల ప్రాణమున్నది, ఇప్పుడు లేదు. ఆ రంధ్రము కందిరీగ చేసినదని వారు గుర్తించిరి. ఈ జాతి కందిరీగ సాలీటిని కుట్టి, దానిమీద గ్రుడ్డు పెట్టును. గ్రుడ్డు పగిలి వెడలిన పురుగు సాలీటిని తినుచు పెరుగును. మన పెద్దలు భ్రమరకీటన్యాయమని చెప్పునప్పుడు, తుమ్మెద ఝంకారము వినివిని పురుగు తానే తుమ్మెదయగునని మురియుదురు. గూటిలోనికి పోయినది పురుగు, వచ్చినది తుమ్మెద, కావున అట్లు తోచినది. లోపల జరుగునది ఇది. ముసలితనముచే గాని, ఆఁకలిచే గాని, ఎండచే గాని చావని 16వ నంబరు ఇట్లు పోయినది. అప్పటికి వయస్సు 43. ఆ వార్తను 2018లో శాస్త్రపత్రికలో ప్రకటించిరి. ప్రకటించినవారిలో బార్బరాగారి పేరును కలదు. మఱుసటి యేటనే, 2019లో, ఆమెయు మరణించిరి.

తిరుగుదారిలో మఱిదిగారు వేళాకోళముగా, "చూచితిరా వదినగారూ, ఇల్లు కదలకుండుటయే దీర్ఘాయువునకు మందు" అనిరి. నేనూరకుండలేదు. "ఇల్లు కదలని దాని సంగతి లోకమునకు తెలిపినది ఇల్లు కదలి నలువదియేండ్లు పొదలలో తిరిగిన యాడుది కదా! ఆ లెక్క కూడ వేయుడు" అంటిని. నా చెల్లెలు వెనుకకు తిరిగి నావంక చూచి కన్ను గీటినది.

వేళాకోళమునకేమి గాని, ఇల్లు కదలకుండుటలోనే దాని యపాయమును కలదు. కొంగ గాని కంగారు గాని ఒకచోట బాధ కలిగిన మఱొకచోటికి పోవును. ఈ సాలీటికి మఱొకచోటు లేదు. నాగలి బొరియను చీల్చినచో, గొఱ్ఱెలమంద త్రొక్కినచో, ఉప్పునీరు క్రిందినుండి పైకి వచ్చినచో అచ్చటనే సరి. పిల్లలు నడచి పోవలసినదే. గోధుమచేను దాటి అవతలి యడవితునకను చేరుట వానికి సాధ్యము కాదు. ఈ లంకలో మగవి నశించినచో ఆ లంకనుండి రావు. 43 ఏండ్లు బ్రదుకు ప్రాణి కావున కీడు వెంటనే కనబడదు కూడ. ముసలివి మూతలు మూసికొని ఇంకను కూర్చుండియేయుండును. చూచువారు అంతయు బాగుగ నున్నదనుకొందురు. పిల్లలబొరియలు మాత్రము కానరావు. ఒకప్పుడు పిల్లలతో కళకళలాడి, ఇప్పుడు తాతమ్మలు మాత్రము తాళముచెవులు కాచుకొనియుండు పెద్దయిండ్లను మన పల్లెలలో నేను చూచియున్నాను. బార్బరాగారు ముసలివానిని మాత్రమే గాక పిల్లబొరియలను సైతము వంగివంగి లెక్కించుట ఎందులకో అప్పుడు నాకు బోధపడినది.

ఆ బాటయంచున మేము చూచిన మూతలో ఎవరున్నారో తెలియలేదు. పిల్ల చేయి ముందుకు చాచి, గోటితో మూత యెత్తవలెనని ఒక క్షణము తహతహలాడినది. నేను వారించుటకు ముందే తానే చేయి వెనుకకు తీసికొని, "పగలు నిద్రపోవునేమో" అనెను. దాని ప్రక్కను వేఱొక చోట శనగగింజంత మూతయొకటి కనబడినది. దానిచుట్టును రెండు మూడు చిన్న పుల్లలు. ముగ్గు నేర్చుకొనుచున్న పిల్ల వేసిన గీతలవలె వంకరగా నున్నవి. మేము నలుగురమును మోకాళ్లమీద కూర్చుండి ఆ శనగగింజను ఎంతసేపు చూచితిమో చెప్పలేను. లేచునప్పుడు నా మోకాళ్లు పట్టివేసినవి.

పొద్దు గ్రుంకువేళకు టామిను వచ్చి తేనీరు త్రాగితిమి. రాత్రికి వాన పడునని రేడియోలో చెప్పిరి. కారు కదలిన కొంతసేపటికే అద్దముమీద మొదటి చినుకులు పడినవి. ఈ రాత్రి మగసాలీళ్లు ఇండ్లు విడిచి బయలుదేరునని పిల్ల నా చెవిలో చెప్పి నిద్రపోయినది. నేను కిటికీలోనుండి చూచుచుంటిని. దీపపు వెలుతురున బాటకు ఇరుప్రక్కలను గోధుమ కొయ్యకాళ్లు, వానిపై వాన, మఱల కొయ్యకాళ్లు. చాలసేపటివఱకు చెట్టు కనబడలేదు.